తలుపు చాటు ముద్ద

నిన్నమొన్నటిదాకా సిద్ధమ్మ ఒళ్ళో కూర్చుంటే గానీ ముద్ద మింగని నూరా, ఉన్నట్టుండి ఆమె చెయ్యి చూస్తేనే కెవ్వుమంటోంది. ఐదేళ్ళ పిల్ల. ఆ పిల్లకు తిండి పెట్టడానికే సిద్ధమ్మను కడప నుంచి అరబ్బుల దేశానికి, మిష్రిఫ్‌లోని ఈ విల్లాకు రప్పించారు. పిల్ల తినకపోతే ఇక్కడ ఆమెకేం పని? "ఇంకో వారం చూస్తా, ఆ తర్వాత ఖలాస్, మీ ఊరికి పో" అని మామా, అంటే ఇంటి యజమానురాలు, తేల్చి చెప్పేసింది.

ఇది దిష్టే అనుకుంది సిద్ధమ్మ. మధ్యాహ్నం మామా కునుకు తీస్తుండగా ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి, నిద్రపోతున్న పిల్లకు దిగదుడిచి, సాంబ్రాణి కుంపటిలో వేసింది. దిష్టి లేకపోతే ఇల్లంతా దగ్గు పుట్టించే ఘాటు రానేలేదు! అమ్మో, ఎంత పాడు కన్ను! ఎవరిదా కన్ను? వంట చేసే సంజీవమ్మది కాక ఇంకెవరిది? ఒకే ఊరిదైతే మాత్రం ఏమి? తను నల్లటి మనిషి, ఆమె పసుపుకొమ్ము లాంటి మనిషి. పైగా తను రాకముందు పిల్ల ఆమె దగ్గరే తినేదట. కడుపులో కుళ్ళు లేకుండా ఎట్లా ఉంటుంది?

ఒళ్ళు మండిపోయి వంటింట్లోకి వెళ్ళింది.

"ఏమక్కా, బిడ్డకు నా మింద ఏం నూరిపోసినావు? నా కడుపు కొట్టి నువ్వేం బాగుపడతావు?"

సంజీవమ్మ గరిటె దించింది. "నీ నోట్లో మన్నుబడ! నేనేం జెప్తినే? ఆ కొత్త క్యాసెట్టు వచ్చినప్పట్నుంచే బిడ్డ అట్లుండాది. లేచి మళ్ళా దాని ముందరే కూసుంది. రా, నీ కండ్లతోనే చూద్దువు."

హాల్లో నూరా అన్నలు ఏవో పాత అమెరికా కార్టూన్లు పెట్టుకున్నారు. టీవీలో బొగ్గులాంటి మనుషులు. గారెలంత మూతులు, కోడిగుడ్లంత కళ్ళు. తెల్లపిల్లను గంగాళంలో కూర్చోబెట్టి, కింద మంటేసి, చుట్టూ గంతులేస్తున్నారు. ఒకావిడ గరిటెతో రుచి చూసి పెదవులు నాక్కుంది. అన్నలిద్దరూ పడీపడీ నవ్వుతున్నారు. నూరా మాత్రం సోఫా వెనక నక్కి, తెర మీది ఆవిడనూ గుమ్మంలోని సిద్ధమ్మనూ మార్చి మార్చి చూస్తోంది.

సిద్ధమ్మ తన చేతులు వెనక్కి దాచుకుంది.

"నన్నెన్నడూ చూడనోళ్ళు నన్నెట్ల గీసినారక్కా?"

సంజీవమ్మ ఆమె భుజం పట్టుకుని వంటింట్లోకి తెచ్చింది. "ఏడవగాకు. బిడ్డ తింటే చాలు మామాకు. ముద్ద నువ్వు కలుపు, నోట్లో నేను పెడతా."

సాయంత్రం నూరా సంజీవమ్మ ఒళ్ళో కూర్చుంది. సిద్ధమ్మ తలుపు చాటున నిలబడి, పిల్లకు నచ్చేట్టు పెరుగన్నం మెత్తగా పిసికి అందిస్తోంది. నూరా ఒక ముద్ద తింది, ఇంకోటి తింది. అంతలో నమలడం ఆపి, తలుపు వైపు అనుమానంగా చూసింది.

"ఎవరు కలిపారు?"

"నేనే" అంది సంజీవమ్మ.

పిల్ల నోరు తెరిచింది. సిద్ధమ్మ మరో ముద్ద చేసింది.