పింగుకు నాలుగు వేల ఐదు వందలు

తుఫాను వెళ్ళిపోయిన మూడో రోజు పొద్దున, మాజూ అమ్మవారి గుడి వరండాలో ఫాంగ్ సూ-చిన్ ఒక తెల్లబోర్డు నిలబెట్టి కప్పుల మరమ్మతు ధరలు రాసింది. వదులైన స్క్రూలు తీసి కొత్త వాషర్లతో బిగించడానికి ఇంటికి మూడు నుంచి ఐదు వేల యువాన్లు. ఎగిరిపోయిన రేకు మార్చడానికి, రేకుతో కలిపి, పద్దెనిమిది వందలు. కప్పంతా విప్పి కొత్తది వెయ్యడానికి పింగుకు నాలుగు వేల ఐదు వందలు. పింగంటే రెండు చాపలు పరిచినంత జాగా. అన్నిటికంటే కింద పెద్ద అక్షరాలతో, పని సగం కాకముందే మొత్తం డబ్బు అడిగేవాణ్ణి నిచ్చెన ఎక్కనివ్వవద్దని రాసింది.

బోర్డు పెట్టమని అడిగింది పేట పెద్ద. రేవు పక్క వీధుల్లో కప్పు మిగిలిన ఇళ్ళు సగం కూడా లేవు. ఊరూ పేరూ తెలియని మనుషులు వ్యాన్లలో దిగి పింగుకు పది వేలు అడుగుతున్నారు. ముసలివాళ్ళు భయపడి ఇచ్చేస్తున్నారు. సూ-చిన్ మాట మీద అందరికీ గురి. ఆమెకు నలభై ఆరేళ్ళు. అందులో ఇరవై మూడేళ్ళు రేకుల కప్పుల మీదే గడిపింది. ఆమెతో పనిచేసే కాచావ్ అక్కడి ఆదివాసుల్లో అమిస్ అనే తెగవాడు, ఆమె కంటే నాలుగేళ్ళు పెద్ద. వెల్డింగ్‌లో ఆ తీరంలో అతణ్ణి మించినవాడు లేడు.

నాలుగో రోజు, ఒకప్పుడు ఊళ్ళో రేకుల కొట్టు నడిపిన ఔ తియెన్-ఫు మనిషిని పంపకుండా తనే వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. ఆయన మేడ మీది కప్పులో సగం లేచి రేవులో పడింది. ఇంకో తుఫాను దక్షిణాన లూజాన్ దీవి దాటి పైకి వస్తోందని, నాలుగైదు రోజుల్లో తాకుతుందని రేడియో చెబుతోంది. వేరే పనివాళ్ళెవరూ రెండు నెలల దాకా ఖాళీ లేరు. వచ్చి చూస్తావా అని అడిగాడు. చూస్తానంది. ధర ఎంతని ఆయన అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

ఆయన వెళ్ళాక కాచావ్ ఆమె ముఖంలోకి చూసి, ఈ పని మనకొద్దు అన్నాడు. సూ-చిన్ వినలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఎదురుచూస్తున్న పని అది.

ఆమెకు ఇరవై ఏళ్ళప్పుడు వచ్చిన తుఫాను వాళ్ళ నాన్న సీతాఫలం తోటను నేలమట్టం చేసి, ఇంటి కప్పును కూడా పట్టుకుపోయింది. కొండ దారి తెగిపోయింది. ఆ వారమంతా ఊళ్ళో రేకులున్నది ఒక్క ఔ కొట్లోనే. అంతకు ముందు రోజు దాకా మూడు వందలున్న రేకును ఆయన తొమ్మిది వందలు చేశాడు. నాన్న కొట్టు ముందు రెండు గంటలు నిలబడ్డాడు, కాయలొచ్చాక ఇస్తానన్నాడు, చివరికి చేతులు జోడించాడు. పక్కనే నిలబడి ఉన్న సూ-చిన్ అంతా చూసింది. ఔ లెక్కల పుస్తకం లోంచి తల కూడా ఎత్తకుండా, "వాన తగ్గాక రా, ధరా తగ్గుద్ది" అన్నాడు.

పది రోజుల్లో రెండో గాలివాన వచ్చింది. టార్పాలిన్ మీద రాళ్ళు పెట్టి, తాళ్ళతో కట్టి, అది లేచిపోతుంటే పట్టుకోవడానికి నాన్న పైకెక్కాడు. జారి పడ్డాడు. తుంటి విరిగింది. మంచం మీద మూడేళ్ళుండి పోయాడు. పోయాక తోట కౌలుకిచ్చి, కాచావ్ వాళ్ళ నాన్న దగ్గర సూ-చిన్ కప్పుల పనిలో చేరింది. ఆడపిల్ల కప్పులెక్కడమేంటని నవ్వినవాళ్ళు నవ్వారు. ఆమె నేర్చుకున్నది పని ఒకటే కాదు. ఎక్కిన ప్రతి కప్పు మీద నుంచీ ఔ మేడ కనబడేది. ఏదో ఒకరోజు ఆ కప్పు కూడా లేస్తుందని కాచుకుని ఉంది.

మర్నాడు పొద్దున ఇద్దరూ ఔ మేడ మీద పనిలోకి దిగారు. మిగిలిన రేకులు బాగానే ఉన్నాయి, పాత వాషర్లు మారిస్తే సరిపోయేది. అది కాచావ్‌కూ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా అన్నీ విప్పించింది. మధ్యాహ్నానికి మేడ మీద ఇనుప దూలాలు తప్ప ఏమీ లేవు. ఔ భార్య కింద నుంచి చల్లని బూడిద గుమ్మడికాయ టీ రెండు గ్లాసుల్లో పోసి పంపింది. కాచావ్ తాగాడు. సూ-చిన్ ముట్టలేదు. సముద్రం వైపు మబ్బు పట్టింది. అప్పుడు నిచ్చెన దిగి ఔ ముందు నిలబడింది.

"పెద్దయ్యా, ముప్పై పింగులు. పింగుకు పదమూడు వేల ఐదు వందలు. మొత్తం నాలుగు లక్షల ఐదు వేలు. ఇప్పుడే కావాలి."

సరిగ్గా మూడింతలు. ఆయన అదిరిపడతాడని, బతిమాలతాడని, గుడి దగ్గర బోర్డు చూపిస్తాడని అనుకుంది. అప్పుడనడానికి ఒక మాట ఇరవై ఆరేళ్ళుగా నోట్లో దాచిపెట్టుకుంది, ఆయన మాటే, వాన తగ్గాక రమ్మన్నది. కానీ ఔ ఒక్కసారి ఆకాశం వైపు చూశాడు, ఒకసారి ఆమె వైపు చూశాడు. చూసి నవ్వాడు. మనస్ఫూర్తిగా, మనవరాలు మొదటి బహుమతి తెచ్చినప్పుడు నవ్వినట్టు.

"భేష్ అమ్మాయ్. అంతా విప్పేశాక చెప్పావు చూడు, అదీ వ్యాపారం. నేనైతే నాలుగింతలు అడిగేవాణ్ణి."

లోపలికెళ్ళి నాలుగు కట్టలు, కొన్ని విడి నోట్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పెడుతూ, ఆ రోజు మీ నాన్న అప్పుచేసైనా కొనాల్సింది, ఆయనకు బేరం తెలియదు, నీకు తెలుసు, అన్నాడు. మరిచిపోలేదు. అన్నీ గుర్తున్నాయి. గుర్తున్నవాటిలో సిగ్గుపడాల్సింది ఆయనకు ఒక్కటీ కనబడలేదు.

సూ-చిన్ డబ్బు సంచిలో వేసుకుని పైకెక్కింది. చీకటి పడే ముందు పనిముట్లు సర్దుతూ కాచావ్ అన్నాడు. "ముసలాడికి తగలాల్సిన దెబ్బ తిరిగి నీకే తగిలింది చెల్లీ."

అతను ఊరికే అనలేదు. మర్నాటికి ఔ ఊరంతా చెప్పేశాడు. ఏడ్చుకుంటూ కాదు, గర్వంగా. పొద్దున్నే అందరూ చేరే ఫలహారం కొట్లో కూర్చుని, ఈ ఊళ్ళో నా తర్వాత వ్యాపారం తెలిసింది ఆ ఫాంగ్ వాళ్ళ పిల్లకేనని సోయాపాలు తాగుతూ మెచ్చుకున్నాడట. గుడి ముందు బోర్డు చూసి జనం ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు. చేపల వేలం దగ్గర ఎవరో ఆమెను ఔ గారి శిష్యురాలు అన్నారు. ఆమె విన్నది. చెంప మీద కొట్టినట్టుంది. నాన్న తుంటి విరిచిన మనిషి తనను వారసురాల్ని చేసుకున్నాడు.

మూడు రోజులు ఆమె, కాచావ్ వంచిన నడుం ఎత్తకుండా పనిచేశారు. సూ-చిన్ ప్రతి స్క్రూ తన చేత్తో బిగించింది. అంచుల్లో గాలి దూరకుండా అదనపు పట్టీలు వేసింది. కాచావ్ దేనికిదంతా అని అడిగితే ఇంకో పట్టీ అందుకుంది. రెండో తుఫాను వచ్చింది, ఒక రాత్రంతా కొట్టి పోయింది. ఔ మేడ మీద ఒక్క రేకు కదల్లేదు.

ఆ మర్నాడు పొద్దున ఆమె ఫలహారం కొట్టుకు వెళ్ళింది. కొట్టు నిండుగా ఉంది. ఔ ఎప్పటిలాగే గోడ పక్క బల్ల దగ్గర, ముందు గుడ్డు అట్టు పెట్టుకుని కూర్చున్నాడు. సూ-చిన్ ఎదురుగా నిలబడి సంచి తెరిచింది. కట్టలు తీసి బల్ల మీద పెట్టింది. అందరూ ఇటు తిరిగారు.

"మీ కప్పు ధర లక్షా ముప్పై ఐదు వేలు. పింగుకు నాలుగు వేల ఐదు వందలు, ఊరందరికీ ఎంతో మీకూ అంతే. మిగతా రెండు లక్షల డెబ్బై వేలు ఇదిగో. లెక్కపెట్టుకోండి."

ఔ ముఖం చిట్లించాడు. బేరం బేరమే, తీసుకెళ్ళమన్నాడు. డబ్బు ముట్టుకోలేదు. ఆమె కూడా ముట్టుకోలేదు. కొట్లో ఉన్నవాళ్ళ వైపు తిరిగింది.

"రెండు వేల సంవత్సరంలో వచ్చిన తుఫాను గుర్తుందా మీకు? పెద్దయ్య కొట్లో మూడు వందల రేకు తొమ్మిది వందలకు కొన్నవాళ్ళెవరో ఒకసారి చెయ్యెత్తండి."

ముందు మూల బల్ల దగ్గర పడవలు బాగుచేసే ముసలాయన చెయ్యెత్తాడు. ఆయన పక్కన ఆయన తమ్ముడు. టోఫు అమ్మే ఆవిడ, కళ్ళు దించుకునే. గుమ్మంలో కాచావ్ నిలబడి ఉన్నాడు. చనిపోయిన తన నాన్న తరఫున అతనూ ఎత్తాడు. చివరికి పెనం ముందున్న కొట్టు యజమానురాలు, అట్లకాడ చేతిలో ఉండగానే, ఎత్తింది. ఇరవై ఏళ్ళుగా ఔకు రోజూ అట్టు వేసిపెడుతున్న మనిషి ఆమె. ఔ వాళ్ళందరి కంటే ఆమె చేతి వైపే ఎక్కువసేపు చూశాడు.

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయన ఏదో ఒకటి అనేవాడే. కట్టలు గొడుగు మడతల్లో దోపుకుని లేచాడు. అట్టు సగం అలాగే ఉంది. ఆయన వెళ్ళాక సూ-చిన్ ఆ కుర్చీలోనే కూర్చుని రెండు అట్లు తెప్పించుకుని పూర్తిగా తిన్నది. ఆకలి అంత బాగా వేసి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

ఆ తర్వాత ఔ ఫలహారానికి రాలేదు. గుడి పండగ కమిటీలో ఆయన కుర్చీని వేరేవాళ్ళకిచ్చారు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. శీతాకాలం మొదట్లో ఔ భార్య సూ-చిన్ ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, ఆయన నాలుగు నెలలుగా మేడ దిగడం లేదమ్మా, ఒక్కసారి పలకరిస్తే నలుగురూ పలకరిస్తారు, అంది. నేను డబ్బు తిరిగిచ్చాను పెద్దమ్మా, అంతకంటే ఏమీ చెయ్యలేదు, అంది సూ-చిన్. ముసలావిడ తలాడించింది. వెళ్ళబోతూ, మేడ వెనక చూరుకున్న వాన నీళ్ళ కాలువ ఒక పక్కకు ఒరిగింది, బాగుచెయ్యడానికి ఎంతవుతుందని అడిగింది.

"ఎనిమిది వందలు. రేపు పొద్దున వస్తా."

మాట ప్రకారం వెళ్ళింది. ఆ కాలువ సరిగ్గా ఔ పడుకునే గది కిటికీ పైన ఉంది. లోపల మనిషి దగ్గడం వినబడింది. దాన్ని పట్టి ఉంచే ఒక్కో కొక్కేనికి రెండు సుత్తిదెబ్బలు చాలు. సూ-చిన్ తాపీగా, లోపలికి బాగా వినబడేలా, ఒక్కోదానికి ఆరేసి కొట్టింది.