గాలి చిరునామా

పురపాలక కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చేసరికి ఎర్మీనియా వేడి మొక్కజొన్న రొట్టె అంచులు గిల్లుతోంది. పెళ్ళయి పదకొండు రోజులు. వేళ్ళు కాలినప్పుడల్లా భర్త లియోబార్డో ఊదుతున్నాడు. అందుకని ఆమె అవసరానికి మించి కాల్చుకుంటోంది. ఉత్తరం అతనే చదివాడు. వచ్చేవారం కందెలారియా పండుగకు, నది ఒడ్డు చౌకులో జరిగే ‘స్వేచ్ఛా గీతాల సాయంత్రం’లో తొలి చరణం ఆమెదేనట. ఆ ఊళ్ళో తొలి చరణం ఇంతవరకూ ఏ ఆడమనిషికీ దక్కలేదు. ఇద్దరూ వంటింట్లోనే మడమలతో దరువేశారు. ఒక రొట్టె మాడిపోయింది.

కింద ఉన్న చిన్న అక్షరాలు తర్వాత చూశారు. పాడబోయేది ముందుగా మూడు ప్రతుల్లో రాసిచ్చి ముద్ర వేయించుకోవాలి. అక్కడి పాటలేమో ఎదుటివాళ్ళ ముఖం చూసి అప్పటికప్పుడు కట్టేవి. అయినా తొలి చరణం పోగొట్టుకోలేక ఆమె ఒకటి రాసుకుని, ఆ మధ్యాహ్నమే భర్తతో కలిసి కార్యాలయానికి వెళ్ళింది.

గాలికి గేటు పెట్టించారట,
తాళంచెవి మేయరు జేబులోనట.
గాలి గోడ దూకి పోయింది,
తాళం మాత్రం కాపలా ఉంది.

గుమాస్తా ఫుల్హెన్సియో కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఈ గాలి ఎవరమ్మా?"

"గాలేనండీ."

"పాటలో వచ్చేవాళ్ళ చిరునామా రాయాలి."

గేటు కొట్టేశాడు, మేయరు జేబు కొట్టేశాడు, గోడ దూకడం నేరం కనక గాలినీ కొట్టేశాడు. చివరి పాదంలో విధేయత కనిపించి దాని మీద ముద్ర గుద్దాడు. ఎంతసేపు పడుతుందో చూడాలి, ఒకసారి పాడమన్నాడు. ఎర్మీనియా అలవాటుకొద్దీ మొత్తం పాడింది. పాడినవాళ్ళ ప్రతి పాదాన్నీ విన్నవాళ్ళు తిరిగి పాడడం అక్కడి ఆచారం; వరసలో నిలబడ్డవాళ్ళంతా అందుకున్నారు. చేపలమ్మే ఎడువిహెస్ గొంతు అందరికన్నా పైన ఉంది. తిరిగి పాడినవాళ్ళు కూడా తలా మూడు ప్రతులు ఇవ్వాలన్నాడు ఫుల్హెన్సియో.

తర్వాత హామీపత్రం ముందుకు తోశాడు. ముద్ర పడ్డ పాదం తప్ప మరేదీ పాడనని సంతకం చేస్తే తొలి చరణం ఆమెది. కలం కాసేపు ఆమె చేతిలోనే ఉంది. లియోబార్డో నిర్ణయం ఆమెకే వదిలేశాడు. అందుకు అతనంటే మరికాస్త ఇష్టం కలిగింది. కలం కింద పెట్టేసింది.

"స్వేచ్ఛ గురించి పాడమని, తాళం ఒక్కటీ ఉంచారు. మీ చౌకు మీరే ఉంచుకోండి."

గుమ్మం దగ్గర ఆగి అందరికీ వినపడేలా చెప్పింది.

"రేపు సాయంత్రం ఐదింటికి ఈ మెట్ల కిందే పాడతాను. దరువెయ్యడానికి చిందుబల్ల మా ఆయన మోసుకొస్తాడు. ఎడువిహెసక్కా, నువ్వు నీ గొంతు తెచ్చుకో. ఫుల్హెన్సియో గారూ, మీరు కుర్చీ తెచ్చుకోండి, పాడుతుంటే రాసుకుందురు గాని."