సొంత డబ్బా

పిన్ని పాత కంప్యూటర్ సోమవారం పొద్దున్నే కన్నుమూసింది. పోతూ పోతూ ఆవిడ ప్రోగ్రామును కూడా వెంట తీసుకుపోయేలా ఉంది. కొలతలిస్తే బట్ట ఎలా కత్తిరించాలో గీసిపెట్టే ప్రోగ్రాము అది. ఆ పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద తప్ప ఇంకెక్కడా నడవనని భీష్మించుకు కూర్చునే రకం. శనివారానికల్లా ఒక నాటక బృందానికి రాజుగారి కోటు కుట్టివ్వాలి. పదిహేనేళ్ళుగా స్కూలు యూనిఫారాలూ, కిటికీ కర్టెన్లూ కుట్టి విసిగిపోయిన మనిషికి ఇలాంటి పని రావడం ఇదే మొదటిసారి. ఈ కోటు నచ్చితే నాటకం మొత్తానికీ బట్టలు ఆవిడే కుడుతుంది. లేకపోతే మళ్ళీ కర్టెన్లే.

అక్క కూతురు పరుగున వచ్చింది. సర్వర్లు చూసే ఉద్యోగం ఆ పిల్లది. అందరూ బుల్లి అంటారు. పేరుకే బుల్లి, మాటలు మాత్రం కోటలు దాటుతాయి.

"ఇంతేనా పిన్నీ! నీ సిస్టమ్ మొత్తాన్నీ ఒక డబ్బాలో పెట్టి నా పాత లాప్‌టాప్‌లో నడిపిస్తా. మా ఆఫీసులో కంటైనర్ అంటాం."

"బల్లంతా ఆక్రమించింది కదే, డబ్బాలో ఎలా పడుతుంది?"

మధ్యాహ్నానికల్లా పట్టించింది. బ్రౌజర్ తెరిస్తే ఒక కిటికీలో అదే నీలం తెర, అవే బొమ్మలు, అదే ప్రోగ్రాము. పిన్నికి కళ్ళు చెమర్చాయి. బుల్లి మాత్రం టీ తాగుతున్నంతసేపూ సొంత డబ్బా కొట్టుకుంటూనే ఉంది. ఆ ధోరణిలో అసలు సంగతి అరకొరగా చెప్పింది. డబ్బాను తీసేసి మళ్ళీ పెడితే లోపల దాచినవన్నీ మాయమవుతాయి. డబ్బాకు వెలుపల ఉన్న ఒక్క ఫోల్డర్ మాత్రం మిగులుతుంది. ఇంత ముఖ్యమైన సంగతికి ఆ పిల్ల ఖర్చుపెట్టినవి నాలుగు ముక్కలు.

"'బయట' అని ఫోల్డర్ పెట్టా. నీకు తెలుస్తుందిగా?"

"తెలియకేం," అంది పిన్ని.

శుక్రవారం పొద్దున బుల్లి వచ్చేసరికి కోటు గీత పూర్తయింది. ఇక కత్తిరించడమే తరువాయి. పిన్నికి ఒక్కటే వెలితి.

"తెరవగానే టింగుమనేది కదే? ఇది మూగనోము పట్టింది."

"అదెంత పని!" అని బుల్లి చిటికెలో పాత డబ్బా తీసేసి, శబ్దం వచ్చే కొత్త డబ్బా పెట్టింది. టింగుమంది. పిన్ని మొహం విప్పారింది, మరుక్షణమే వాడిపోయింది.

"కోటేదే?"

"'బయట' ఉంటుందిగా," అంటూ బుల్లి ఫోల్డర్ తెరిచింది. పదకొండు ఫైళ్ళు. పాడు ఒకటి, పాడు రెండు, అలా పాడు పదకొండు దాకా. "ఇవేంటి పిన్నీ?"

"కుదరనివి. చెత్త బయటే కదా వేస్తాం."

"మరి కుదిరింది?"

"లోపల దాచా. విలువైనవి ఎవరైనా బయట పెడతారటే?"

బుల్లి సిగ్గుతో చచ్చిపోయింది. పేరు పెట్టిందీ తనే, తీసేసిందీ తనే.

"నావల్లే పిన్నీ," అంది ఏడుపు గొంతుతో.

పిన్ని కుర్చీ ముందుకు లాక్కుంది.

"ఆ పదకొండోది తెరువు."

తెరిచింది. పిన్ని అద్దాలు సర్దుకుని తెరలోకి వంగింది.

"చంక దగ్గర పట్టేస్తుందని తీసేశా దీన్ని. రాజు కత్తి ఎత్తాలిగా. మిగతాదంతా బాగానే ఉంది." ఆవిడ చెయ్యి అప్పుడే గీత సరిచేస్తోంది. "తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. ఒప్పు ఎక్కడికి పోతుందే పిచ్చిదానా?"

భోజనాల వేళకు కోటు మళ్ళీ తయారైంది. అంతసేపూ బుల్లి ఒక్క ముక్క మాట్లాడకుండా పక్కనే కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదలు. పిన్ని ఆఖరి గీత గీశాక, బుల్లి ఫోల్డర్ పేరు మార్చి చూపించింది. ఈసారి 'బీరువా'.

"ఆఁ, ఇలా చెప్పు," అంటూ పిన్ని కోటును అందులో పెట్టింది. పాడైన పదకొండింటినీ చెరపబోతున్న బుల్లి చేతిని పట్టుకుని ఆపింది.

"వాటినీ ఉంచు. ఇవాళ నా పరువు నిలబెట్టినవి అవే." ఆ తర్వాత బీరువాను ఎగాదిగా చూసింది. "ఇంతకీ, దీని తాళమేదే?"