కొట్టేసిన ఇరవై ఏళ్లు

ఖారాపుర్ రోడ్ల ఆఫీసు పొద్దున పదిన్నరకి తెరుస్తారు. పదకొండున్నరకి ఎవరో ఒకరు వస్తారు. పన్నెండు కాగానే ఎదురుబండి నుంచి శెనగపిండి గాంఠియా పొట్లాలు, వేయించిన పచ్చిమిరపకాయలు లోపలికెళ్తాయి. ఆ నూనె ఫైళ్లకి అంటితే గానీ అక్కడ పని మొదలైనట్టు కాదు. ఒంటిగంటకి టీ. దాన్ని సాసర్లో పోసుకుని జుర్రే చప్పుడు రోడ్డు మీదికి వినిపిస్తుంది. ఆ ఆఫీసు చేసే పనిలో జనానికి వినపడేది అదొక్కటే.

ఆ ఆఫీసుకి ఒక మహిమ ఉంది. వాళ్లు రాసింది ఒక్కటీ రాదు. వాగు మీద వంతెన ఉందని ఎప్పుడో రాసేశారు, మేమింకా చెప్పులు చేత్తో పట్టుకునే దాటుతున్నాం. కానీ కాగితం మీద కొట్టేసింది మాత్రం నిజంగానే పోతుంది. బస్టాండులో బెంచీని కొట్టేసిన రోజున, దాని మీద పేపరు చదువుకుంటున్న ముసలాయన నేల మీద కూచుని అదే పేజీ చదువుకున్నాడు. వేపచెట్టుని కొట్టేస్తే కాకులు ఓ పూట గాల్లో తిరిగి వేరే చోటు వెతుక్కున్నాయి. మేమూ అంతే. సర్కారు కదా, ఎవరితో అంటాం?

జీవీబెన్ ఆ ఆఫీసులో రోజుకూలీ. తారు పోసే చోట కంకర తట్టలు మోసేది. కడుపుతో ఉండి వంగలేకపోతోందని అప్పటి ఇంజినీరు "రేపట్నుంచి రావొద్దు" అన్నాడు. అంతే. కుక్కని అదిలించడానికైనా చెయ్యెత్తాలి, దీనికి అదీ అక్కర్లేదు. ఆమె మొగుడు వేల్జీ ఊరుకోలేదు. లేబర్ కోర్టుకెళ్లాడు.

కేసు నడిచింది. కడుపులో ఉన్న రమీల పుట్టి, కోర్టు వరండాలో పాకి, ఆ మెట్ల మీదే అక్షరాలు దిద్ది, చివరికి కాలేజీకి కూడా వెళ్లింది. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. మధ్యలో వేల్జీ కామెర్లొచ్చి పోయాడు. ఇరవయ్యో ఏట జడ్జీగారికి నిద్ర తెలివొచ్చి, "ఆమెని తీసేయడం తప్పు, సర్వీసు తెగనట్టే లెక్కకట్టి మళ్లీ పనిలోకి తీసుకోండి" అన్నాడు. తీసుకున్నారు. ఇంకో పదేళ్లు కంకర మోయించుకుని, అరవై నిండగానే కొబ్బరికాయ చేతిలో పెట్టి, శాలువా కప్పి, ఇంటికి పంపారు.

పింఛను అడగడానికి వెళ్తే, ఇప్పటి ఇంజినీరు మాంకడ్ సాహెబ్ పళ్లు కుట్టుకుంటున్నాడు.

"ఏం పింఛను, బెన్? ఆ ఇరవై ఏళ్లు నువ్వు తట్ట మోశావా?"

"మీరు మోయనిస్తేగా, సాహెబ్? సర్వీసు తెగలేదని కోర్టే అంది కదా."

"పనిలోకి తీసుకోమంది, తీసుకున్నాం. పింఛనిమ్మని అందా? ఇంట్లో కాళ్లు చాపుకుని కూచున్న ఏళ్లకి కూడా పింఛనట! విన్నావా, ధోల్కియా?"

గుమాస్తా ధోల్కియా పడీపడీ నవ్వాడు. సాహెబ్ తుమ్మినా నవ్వే రకం వాడు. వాడికి ఇంకో జబ్బు కూడా ఉంది. నాలుగు మాటలు ఎక్కువ రాస్తే సాహెబ్ మెచ్చుకుంటాడని ఆశ. 'ఆ ఏళ్లు పింఛనుకి పనికిరావు' అని ఊరుకుంటే సరిపోయేది. 'సదరు ఇరవై సంవత్సరములు పింఛనుతో సహా ఏ విషయములోనూ లెక్కలోకి రావు, కొట్టివేయడమైనది' అని రాశాడు. మాంకడ్ చదవకుండా సంతకం గీకాడు. చదివి సంతకం పెట్టడం ఆ కుర్చీలో ఎవరికీ అలవాటు లేదు.

మర్నాడు పొద్దున రమీల సజ్జరొట్టె తడుతోంది. లోపల్నుంచి తల్లి వచ్చింది. జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. ఊడిన పళ్లు ఊడినచోటే ఉన్నాయి, అంటే నోట్లో. చేతులకి ఆకుపచ్చ గాజులు. వేల్జీ పోయిన రోజున తీసి పెట్టెలో దాచినవి అవి.

ఆమె రమీలని ఎగాదిగా చూసింది.

"అమ్మాయీ, నువ్వు మా ఇంట్లోనే ఉంటావు, రోజూ చూస్తూనే ఉన్నాను. కానీ ఎవరి పిల్లవమ్మా నువ్వు?"

పెనం మీద రొట్టె మాడిపోయింది.

"అమ్మా, నీ కూతుర్నే."

"నాకు పిల్లలెక్కడమ్మా! మా ఆయన్ని రానీ, అడుగుతా. పొద్దున్నే చెప్పకుండా ఎక్కడికెళ్లాడో."

రెండు కంచాలు పెట్టింది. ఒకటి వేల్జీకి. రెండోది, ఇంటికొచ్చిన మనిషి కదా అని, రమీలకి. "మొహమాటపడకు, తిను" అంది.

ఇరుగుపొరుగు వచ్చి "నల్లజుట్టు నీకు బాగుందే జీవీ" అని, కాస్త ఎల్లిపాయ కారం అడిగి పట్టుకెళ్లారు. రమీలకి మాత్రం గుండె తరుక్కుపోయింది. ఇరవై తొమ్మిదేళ్లుగా 'గాడిదా' తప్ప ఇంకో పిలుపు ఎరగని పిల్ల అది. ఇప్పుడు కన్నతల్లి 'అమ్మాయీ' అంటోంది, మజ్జిగ పోయమంటావా అని మర్యాదగా అడుగుతోంది. ఆ మర్యాద చూస్తే దానికి ఎక్కడైనా దూకి చావాలనిపించింది.

జీవీబెన్ తట్ట తీసుకుని ఆఫీసుకెళ్లింది. శాలువా మడిచి మాంకడ్ బల్ల మీద పెట్టింది.

"పొరపాటున నాకు కప్పారు, సాహెబ్. రిటైరయ్యేది అరవైకి కదా? నాకు నలభై."

"పిచ్చా నీకు?"

ధోల్కియా వేళ్ల మీద లెక్క వేశాడు. అరవైలోంచి ఇరవై తీశాడు. మళ్లీ తీశాడు. రెండోసారీ నలభయ్యే వచ్చేసరికి వాడి నవ్వు ఎటో పోయింది. సర్కారు డాక్టరుకి చూపిస్తే, "నలభై. పళ్లు నాకన్నా బాగున్నాయి" అని రాసిచ్చాడు. ఇక ఆమెని పనిలోకి రానివ్వక తప్పలేదు.

మాంకడ్ మొహం మాడిపోయింది. ఎందుకంటే ఆమె రిటైరైన ఖాళీని వాడు బావమరిదికి మాటిచ్చేశాడు. తట్ట మోయడానికి కాదులెండి, జీతం మోసుకెళ్లడానికి. బావమరిది అప్పుడే వీధంతా పాలపేడాలు పంచిపెట్టి, కొత్త బట్టలు కుట్టించుకున్నాడు. ఇప్పుడు ఇంకో ఇరవై ఏళ్లు ఆగమంటే ఇంట్లో మాంకడ్‌కి అన్నం పెట్టేదెవరు?

వారం తిరక్కుండా రమీల ఆఫీసుకి వచ్చింది.

"సాహెబ్, మా అమ్మని ఇంటికి పంపాలంటే ఒకటే దారి. ఆ కొట్టివేతని కొట్టేయండి."

"అప్పుడు పింఛను ఇవ్వాలి కదా!"

"ఇవ్వాలి మరి."

"మీ కూలోళ్లంతా ఇంతే. వేలు పెట్టనిస్తే చెయ్యి దూరుస్తారు."

"అయితే మీ బావమరిదికి మీరే చెప్పుకోండి."

మాంకడ్ గుమాస్తా వైపు తిరిగాడు. "ధోల్కియా, రాయి" అన్నాడు. ధోల్కియా ఈసారి ఒక్క మాట కూడా ఎక్కువ రాయలేదు.

సంతకం పడబోతుంటే రమీల ఆపి, ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. వరండాలోకి వెళ్లి తల్లి పక్కన కూచుంది. ఉన్నదున్నట్టు చెప్పింది. జుట్టు మళ్లీ తెల్లబడుతుంది, మోకాళ్లు పట్టేస్తాయి, పళ్లు పోతాయి.

"మరి మా ఆయన?" అంది జీవీబెన్.

రమీల ఆమె చేతి గాజుల మీద చెయ్యి వేసింది. జీవీబెన్ దాని మొహం చూసింది, తన గాజులు చూసుకుంది.

"ఆ కొట్టివేత పోతే నేను ఆయన్ని పోగొట్టుకోవాలి."

"అవునమ్మా. నీకొద్దంటే ఈ కొత్త కాగితం ఇప్పుడే చించేస్తాను. నువ్వు ఇలాగే ఉండు. నేను ఎవరో ఒకర్నని ఇంట్లో ఉంటాను."

"నువ్వు నా కడుపున పుట్టావన్నది నిజమేనా?"

"నిజమే."

"పుట్టగానే ఏడ్చావా?"

"వీధి వీధంతా వినపడిందని నువ్వే చెప్పేదానివి."

"నాకు వినపడలేదే!" అంది జీవీబెన్. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని లేచింది. "ఈ నల్లజుట్టు నాకెవడిచ్చాడు? లోపల పళ్లు కుట్టుకునే ఆ వెధవేనా? ఒళ్లు వంచిన దానికి సరిగ్గా కూలివ్వలేని చేతులు, నాకు వయసిస్తాయా! వాడి దానం నాకెందుకు? వాడి మొహానే కొట్టి రా. నా ఏళ్లు నాకు కావాలి. అందులో ఆయన చావున్నా సరే, అదీ నాదే."

ఇద్దరూ లోపలికెళ్లారు. మాంకడ్ సంతకం పెట్టాడు. ధోల్కియా ముద్ర గుద్దాడు.

జీవీబెన్ జుట్టు పాపిట నుంచి కొసల దాకా తెల్లబడింది. మోకాలు కటుక్కుమంది, బల్ల పట్టుకుంది. తర్వాత ఎవరో వెనక నుంచి పిలిచినట్టు తల తిప్పింది. "వేల్జీ!" అని ఒక్క కేక పెట్టింది. భర్త పేరు ఎత్తని మనిషి, ఆయన మొదటిసారి పోయినప్పుడు కూడా ఆ పేరు నోట రాలేదు. అంత కేకకీ పక్కబల్లల దగ్గర ఒక్కడూ తలెత్తలేదు. గాంఠియా అప్పుడే వచ్చింది మరి.

ఆమె గాజులు ఒక్కొక్కటే తీసి, మాంకడ్ ముందు కాగితాల మీద పెట్టింది.

"మీ దగ్గరే ఉండనీ, సాహెబ్."

ఆ గాజులు ఇప్పటికీ ఆ బల్ల మీదే ఉన్నాయి. ఎవరు తీసి పారేసినా మర్నాటికి అక్కడే ఉంటున్నాయి. కొట్టేద్దామని కూడా చూశారు. ఆఫీసు లెక్కలో ఉన్న వస్తువైతేగా కొట్టేయడానికి? మాంకడ్ వాటికి మోచెయ్యి తగలకుండా పక్కకి ఒరిగి సంతకాలు పెడుతుంటాడు. పెట్టేముందు చదువుతున్నాడని కూడా అంటున్నారు, నేనైతే నమ్మను.

ఆ రోజు మాత్రం రమీల గుమ్మం దగ్గర నిలబడి, మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. బయట టీ తాగుతున్న మేమంతా విన్నాం. జీవీబెన్ మోకాలు పట్టుకుని కుంటుతూ వచ్చి దాని చెయ్యి పట్టుకుంది.

"పుట్టిన రోజునా ఇంతే, వీధంతా వినేలా ఏడ్చావు" అంది. "ముక్కు తుడుచుకో, గాడిదా. ఇంటికి పద."