మసకబారిన జీపు అద్దం

చలికాలం పొద్దున ఆదిలాబాద్ పత్తి జిన్నింగ్ మిల్లు ముందర విద్యాధర్ తన పాత ఓపెన్ జీపును వెనక్కి తీస్తుంటే దబ్బున చప్పుడైంది. పక్క సీట్ల ఉన్న భార్య మధులిక, ఆయనా ఒక్కసారే దిగి చూసిండ్రు. బాలవ్వ చాయ్ బండి పక్కకు ఒరిగింది. పాలన్నీ నేలపాలైనయి. ఆమె గ్లాసులు కడుగుదామని అవతలికి పోయింది కాబట్టి సరిపోయింది.

బాలవ్వ ఉరికొచ్చింది. "కండ్లు కనవడ్తలేవా బిడ్డా?"

"తప్పయింది అవ్వా. గీ అద్దంల నుంచి ఏం కనవడ్తలేదు."

జీపు రెగ్జిన్ టాపుకు వెనకాల కుట్టిన ప్లాస్టిక్ అద్దమది. కుట్టించినప్పుడు నీళ్ల లెక్క ఉండె. ఇప్పుడు పసుపెక్కి, మసకబారి, మడతల పొంటి పగుళ్లు పట్టింది. విద్యాధర్ చాయ్ బండిని లేపి నిలబెట్టి, పాలు తెప్పించిచ్చిండు. ఇగ కోపమంతా దాన్ని కుట్టిన జబ్బార్ మీదికి మళ్లింది. ఇద్దరూ చిన్ననాటి దోస్తులు.

జబ్బార్ కుట్టు దుకాణం ముందర జీపు ఆపుతనే అరిచిండు. "దోస్తువని నమ్మితే నకిలీ మాలు కుడ్తవారా?"

జబ్బార్ మొఖం చిన్నబోయింది. లోపలికి పోయి, ఇనుప పెట్టెల నుంచి ఒక ముక్క తెచ్చి చేతుల పెట్టిండు. "నీ అద్దం గీ ముక్క మిగిలిన ప్లాస్టిక్ తాన్‌ల నుంచే కోసిన. చూడు."

ముక్క మెత్తగ, తేటగ ఉంది. మడిచినా గీత పడలే. "మరి నాదెందుకు గిట్లయింది?" అన్నడు విద్యాధర్.

కాలేజీల కెమిస్ట్రీ చెప్పే మధులిక జీపు చుట్టూ తిరిగి చూసింది. "పక్కల అద్దాలు గూడ గదే ప్లాస్టిక్, మంచిగనే ఉన్నయి. మన షెడ్డు చిన్నది, వెనక భాగం బయటికొచ్చి దినమంతా ఎండల్నే ఉంటది. ప్లాస్టిక్ మెత్తగుండాలని నూనె లాంటిది కలుపుతరు. ఎండ వేడికి అది మెల్లగ పోతది. అప్పుడు గట్టిపడి, మడిచిన కాడ పగులుతది. పసుపు రంగు కూడ ఎండతోనే."

"మరి గీ మసక?"

"ఆదివారం వస్తే వెనకద్దాన్ని పెట్రోల్ గుడ్డతోని రుద్దుతవు కద! అది కూడ ఆ నూనెను గుంజుకుంటది. దుమ్ము మీద రుద్దితే గీతలు పడ్తయి. సబ్బునీళ్లతోని కడిగితే చాలు."

జబ్బార్ తల గోక్కున్నడు. "పెట్రోల్‌తోని మెరుస్తదని చెప్పింది నేనే భాభీ. నాకు గిది తెల్వదు."

విద్యాధర్ కోపం అక్కడికక్కడే చల్లారింది. "నువ్వు చెప్పినవ్, నేను రుద్దిన. నోరు జారిన్రా, మనసుల పెట్టుకోకు."

"పరేషాన్ గాకు. కొత్తది కుడ్త, కూసో."

కొత్త అద్దానికి తీసిన ప్లాస్టిక్ ఆ ముక్క కంటె మందంది, చలికి బిగుసుకపోయి బిర్రుగ ఉంది. జబ్బార్ దాన్ని ఎండల పరిచిండు. విద్యాధర్ ఉలిక్కిపడ్డడు. "మల్ల ఎండల్నేనా?"

"జరసేపేరా! మెత్తవడితేనే సూది దిగుతది."

ముగ్గురూ నవ్వుకుంట గద్దె మీద కూసున్నరు. మధులిక మాత్రం ఉండలేక, మాటిమాటికి లేచిపోయి, మెత్తవడ్డదా అని దాన్ని వేలితోని ఒత్తి చూస్తనే ఉంది.