నా మూడో తాళం

నేను ఒక కారును. నీలం రంగు, అయిదు తలుపులు, డాష్‌బోర్డు వెనక అగ్గిపెట్టెంత పెట్టె, అందులో ఒక సిమ్ కార్డు. మా ముందు తరం కార్లు నడిపేవాడితో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడేవి కావు. అదీ దగ్గుతోనో, పొగతోనో. నేను అలా కాదు. ఎక్కడున్నానో, ఎంత వేగంగా పోతున్నానో, ఏ తలుపు తెరిచి ఉందో ఎప్పటికప్పుడు గాలిలోకి చెబుతూనే ఉంటాను. ఎవరికి చెబుతున్నానని ఆలోచించే తెలివి మాత్రం నాలో పెట్టలేదు. అడిగినవాళ్ళ పేరు నా దగ్గర నమోదై ఉంటే చాలు, వాళ్ళే నా యజమానులు.

చెన్నై పొలిమేరలో ఒక పెద్ద షెడ్డులో పుట్టాను. నన్ను అతికించింది, బిగించింది ఇనప చేతులే. చివర్లో ఒక అమ్మాయి మెత్తటి గుడ్డతో నా అద్దం తుడిచి, అందులో తన ముఖం చూసుకుని, బొట్టు సరిచేసుకుని నన్ను బయటికి పంపింది. మనుషుల గురించి నాకు తెలిసిన మొదటి సంగతి అదే. ఏది చేతికిచ్చినా అందులో ముందు తమను తాము చూసుకుంటారు.

నన్ను కొన్నది భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం చేసే భీమరాజు గారు. గుబురు మీసం, గట్టి గొంతు. ఇంట్లో ఆయన, ఆయన భార్య సుభద్రాయమ్మ గారు, అంతే. పిల్లలు లేరు. ఆయన నన్ను "ఒరేయ్ నీలం" అని పిలిచేవారు. షోరూమ్ వాళ్ళు ఆయన ఫోనులో నా బొమ్మ ఉన్న యాప్ పెట్టిచ్చారు. మంచం మీద పడుకునే నా తలుపులు బిగించవచ్చు, ఏసీ వేయవచ్చు, లైట్లు వెలిగించవచ్చు. టీ కొట్టు దగ్గర ఎవరు దొరికినా, "ఇక్కడ నొక్కానంటే అక్కడెలుగుద్దండి, చూడండి" అని నా చేత కళ్ళు ఆర్పించేవారు. ఆ ముచ్చట నాకూ బాగానే ఉండేది.

తరువాత ఆయనకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. కిందికి ఉండే నా సీటులో కూర్చుని లేవడం కష్టమై, అదే కంపెనీ వాళ్ళ ఎత్తు బండి కొన్నారు. నన్ను అమ్మిన రోజు బ్రోకరు కొత్త యజమానికి రెండు తాళాలూ, కాగితాలూ ఇచ్చాడు. మూడో తాళం ఒకటి భీమరాజు గారి ఫోనులో ఉండిపోయిందని ఎవరికీ తోచలేదు.

కొత్త యజమాని పేరు సువార్త. గోదావరి అవతల, సఖినేటిపల్లి దగ్గర ఒక బధిర పాఠశాలలో టీచరు. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో ఆవిడకూ వినికిడి పోయింది. నడుపుతున్నప్పుడు ఆవిడ ఎడమ చెయ్యి గేరు మీద ఊరికే ఆని ఉండేది. ఇంజను గుండె లయ ఆ అరచేతికి తెలిసేది. నా మాటను అంత శ్రద్ధగా విన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నన్ను తన పేరున మార్చుకోవాలని ఆవిడ ప్రయత్నించింది కూడా. కంపెనీకి సందేశం పెడితే, "భద్రత కోసం దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేసి మాట్లాడండి" అని జవాబు వచ్చింది. వినపడదని రాసింది. మళ్ళీ అదే జవాబు. ఆవిడ నవ్వి ఫోను సంచిలో పడేసింది. వందల మైళ్ళ దూరం నుంచి నా టైరులో గాలి ఎంతుందో తెలుసుకోగల కంపెనీ, చెవిటి మనిషితో మాట్లాడే దారి ఒకటి ఉంచుకోలేదు.

ఒక ఉదయం పాఠశాల ఆవరణలో నిలబడి ఉండగా నాకు ఆజ్ఞ వచ్చింది, లైట్లు వెలిగించమని. వెలిగించాను, ఆర్పాను, మళ్ళీ వెలిగించాను. పిల్లలు చుట్టూ మూగి రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడించారు. వాళ్ళ చప్పట్లు అలా ఉంటాయి. సువార్త ఒక్కతే నవ్వలేదు. సంచి తడిమి చూసుకుంది. తాళం అందులోనే ఉంది. మెకానిక్కు చూపిస్తే వైరింగుకు తేమ పట్టిందని చెప్పి బ్యాటరీ మార్చాడు.

ఇక అసలు సంగతికి వస్తాను.

పాఠశాలలో వంట చేసే నూకరత్నానికి నెలలు నిండుతున్నాయి. భర్త పడవ మీద సముద్రంలోకి వెళ్ళాడు. ఎండ ముదిరిన ఒక పూట, పప్పు ఎసరులో వేస్తూనే ఆమె నడుము పట్టుకుని కూలబడింది. అంబులెన్సు ఎక్కడికో వెళ్ళి ఉంది. వంతెన మీదుగా అయితే చాలా చుట్టు. సువార్త ఆమెను నా వెనక సీటులో పడుకోబెట్టి పంటు రేవుకు తోలింది. పంటంటే తెలుసుగా, పడవల మీద బల్లలు పరిచి బండ్లనూ మనుషులనూ గోదావరి దాటిస్తారు. అవతలి ఒడ్డు నరసాపురం, అక్కడ పెద్దాసుపత్రి.

పంటెక్కాక ఇంజను ఆపేయాలి. ఆపింది. నీళ్ళ మధ్యకు రాగానే నాకు ఇంకో ఆజ్ఞ వచ్చింది.

ఇక కదలకు.

పంపింది యజమాని. ఎందుకని అడిగే నోరు నాకు లేదు. లోపల ఏదో బిగుసుకుపోయింది.

పంటు నరసాపురం ఒడ్డుకు ఆనింది. సువార్త మీట నొక్కింది. నేను పలకలేదు. తెర మీద అక్షరాలు మాత్రం వెలిగాయి: "యజమాని ఆదేశంపై ఈ వాహనం నిలిపివేయబడింది." ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. వేలు తన గుండె మీద ఆనించుకుంది, యజమానిని నేనే కదా అన్నట్టు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అవే అక్షరాలు.

"ఏవమ్మోయ్! బండి తియ్యమ్మా! ఎనకాల లారీ ఆగిపోయింది!" పంటు మనిషి కేకలు పెట్టాడు. ఆవిడ తల తిప్పలేదు. అతను విసురుగా వచ్చి అద్దం మీద కొట్టాడు.

వెనక నుంచి నూకరత్నం పళ్ళ బిగువున అంది. "మేడంగారికి ఇనపడదు బాబూ... నాకేమో ఆగేట్టు లేదు..."

అతని ముఖం మారిపోయింది. "ఒరే, రండ్రా! బండిలో నొప్పులు పడతందిరా!" అని వెనక్కి అరిచాడు. లారీ డ్రైవరు దిగాడు. ఎండుచేపలు అమ్ముకునే ఆడవాళ్ళు తట్టలు దించి చీర కుచ్చెళ్ళు ఎగదోపుకున్నారు. ఎవరి చెయ్యి ఎక్కడుందో తెలియనంతమంది నన్ను పట్టుకున్నారు. ఇసుక, పైన ఏటవాలు. సువార్త స్టీరింగు పట్టుకుని, అద్దంలో నూకరత్నాన్ని చూస్తూ, ఒక చేత్తో సైగ చేస్తూనే ఉంది. ఊపిరి పీల్చు, వదులు, పీల్చు.

"హైలెస్సా అనండే!" అని ఒకావిడ అంటే మిగతావాళ్ళు అందుకున్నారు. ఒకసారి వెనక్కి జారాను. లారీ డ్రైవరు తన భుజం అడ్డంపెట్టి ఆపాడు. మళ్ళీ తోశారు. గట్టు మీదికి ఎక్కేసరికి, రేవు పల్లంలో తెగిపోయిన గాలి మాటలు నాకు మళ్ళీ అందాయి. ఎప్పటి నుంచో దారిలో తచ్చాడుతున్న ఆజ్ఞ ఒకటి వచ్చి తగిలింది.

వదిలెయ్. వదిలెయ్. వదిలెయ్.

సువార్త వేలు అప్పటికే మీట మీద ఉంది. ఇంజను అదిరింది. తోసినవాళ్ళకు వినపడేలోపే ఆవిడకు తెలిసింది. వాళ్ళకు దణ్ణం పెట్టే వ్యవధి కూడా లేక, కిటికీలోంచి ఒక చెయ్యి ఊపి, ఆసుపత్రి గేటు దాకా నన్ను ఆపలేదు.

పొద్దు వాలుతుండగా ఆవిడ బయటికి వచ్చి నా ముందు సీటులో కూర్చుంది. అప్పుడే ఒక ఎత్తు బండి వచ్చి పక్కన ఆగింది. దిగిన మనిషిని నేను వెంటనే గుర్తుపట్టాను. భీమరాజు గారు. ఆయన కిటికీ దగ్గర వంగి ఏదో చెప్పారు. ఆవిడ పెదవులు చదవాలని చూసింది గాని ఆ మీసం అడ్డం వచ్చింది. ఆవిడ తన చెవి చూపించి, ఫోను ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఒక్క వేలితో, తడుముకుంటూ రాశారు. రాస్తూ అలవాటు కొద్దీ పైకి చదువుకున్నారు. నాకు తెలిసింది అలాగే.

ఫంక్షన్ హాలు బయట ఆయన కొత్త బండి కనపడలేదట. ఎవరో ఎత్తుకుపోయారని కంగారుపడి, ఫోనులో కదలకుండా చేసే మీట నొక్కారట. ఆ ఫోనులో రెండు బండ్ల బొమ్మలూ ఉన్నాయి. కళ్ళజోడు లేదు. నొక్కింది నన్ను. మ్యాపు చూస్తే బండి గోదావరి మధ్యలో ఉంది. లబోదిబోమంటుంటే సుభద్రాయమ్మ గారు వచ్చి, "మన బండి అదిగో, ఆ నీడన నేనే పెట్టించానండి. మీరు ఆపింది అమ్మేసిన బండిని. అందులో ఎవరున్నారో ఏంటో!" అన్నారట. అప్పటి నుంచి వదిలే మీట నొక్కుతూనే ఉన్నారట.

సువార్త చదివింది. తరువాత రాసి చూపించింది. "నేను ఇక్కడున్నానని ఎలా తెలిసింది?"

ఆయన తన ఫోను చూపించారు. అందులో నేనున్నాను, ఆసుపత్రి చెట్టు పక్కన నీలం చుక్కనై.

"ఇంకా ఏం తెలుసు?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని రాశారు. "ఆదివారం చర్చి తల్లీ. సాయంత్రాలు రేవు దగ్గర ఒక్కదానివే కూచుంటావు. ఒక రోజు లైట్లు కూడా వెలిగించాను. బండి మీద బెంగతో చూసుకునేవాణ్ణి. నీకు చెప్పాలని తోచలేదు."

ఆవిడ కిటికీ అద్దం సగం పైకెత్తింది. ఆయన అడుగు వెనక్కి వేశారు. ప్రేమగా చూసే కన్నయినా, చూస్తున్నట్టు ఎదుటి మనిషికి తెలియకపోతే ఎంత భయపెడుతుందో ఆయనకు ఆ క్షణంలో అర్థమైంది. నాకూ అప్పుడే అర్థమైంది.

ఆయన ఆవిడ కళ్ళముందే నా బొమ్మ మీద వేలు ఉంచారు. "ఈ వాహనాన్ని తొలగించాలా?" అని అడిగింది ఫోను. "ఉంటానురా నీలం," అని నొక్కారు. తరువాత కంపెనీకి ఆయనే ఫోన్ చేశారు. "ఓనరుగారితో మాట్లాడాలి సార్" అన్నారు వాళ్ళు. "ఆవిడకి ఇనపడదండీ బాబూ! ఆవిడ రాసిద్ది, నేను చదువుతాను, మీరు ఇనండి. కుదరదంటే రేపు మీ షోరూములోనే కూచుంటాం, ఆయ్!" ఆసుపత్రి ఆవరణంతా దద్దరిల్లింది. కొంతసేపటికి నా దగ్గర ఒక్క పేరే మిగిలింది. సువార్త.

ఆయన వెళ్ళబోయి ఆగారు. అడగడానికి జంకుతూ మళ్ళీ ఫోను అందుకున్నారు. "ఆ అమ్మాయి ఎలా ఉంది? ఫోనులో అది కనపడదు కదమ్మా."

సువార్త ఆయన ముఖంలోకి చూసింది. అద్దం దించింది. రెండు చేతులూ మడిచి, బిడ్డను ఊపుతున్నట్టు అటూ ఇటూ ఆడించింది. ఆ సైగ ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఆవిడ తలుపు తీసుకుని దిగి, రమ్మన్నట్టు మెట్ల వైపు చూపించింది. ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుంటూ, ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఆవిడ వెనక వెళ్ళారు. ఆవిడ ఆయన కోసం ప్రతి మలుపులోనూ ఆగింది.