కొంగు ఎగరని దారి

మక్తల్ నుంచి పాలమూరు పోయేటప్పుడు మరిగేది, పాలమూరు నుంచి మక్తల్ వచ్చేటప్పుడు మరిగేది కాదు. మా ఆయన రాజం నడిపే జీపుకున్న రోగం ఇది. కొత్త పైసలు వచ్చిన కాలం మాట. పోయేటప్పుడు ఏముంటుంది దాంట్లో? మగ్గాల మీది నుంచి దిగిన చీరల మూటలు. వచ్చేటప్పుడు నూలు బేళ్లు, గ్యాసునూనె డబ్బాలు, వాటి మీద ఎక్కి కూర్చున్న జనం. బరువు మోసేటప్పుడు చల్లగా ఉండి, తేలికగా పోయేటప్పుడు ఆవిరి చిమ్మే బండిని ఎక్కడైనా చూశారా?

జీపు సావుకారి మల్లప్పది. మిలిటరీలో చేసి చేసి, ముసలిదై ఆయన చేతికొచ్చింది. మా ఆయన తాతల నాటి మగ్గం వదిలి దాని చక్రం పట్టుకున్నాడు. గుంట మగ్గంలో కూర్చుంటే ఆయనకు మోకాళ్లు పట్టేసేవి. పైకి లేవాలంటే నా భుజం కావాలి. జీపు పోతే మళ్లీ ఆ గుంటే గతి.

ఆయన చేయని వైద్యం లేదు. నీళ్లు మార్చాడు. ముందర జల్లెడలా ఉండే నీళ్ల పెట్టెను, రేడియేటర్ అంటారు దాన్ని, విప్పి సోడా వేసి కడిగాడు. రబ్బరు గొట్టాలు కొత్తవి తొడిగాడు. ఆ పెట్టెకు గాలి లాగే పంకను తిప్పే పట్టా బిగించాడు. మా అత్త భద్రమ్మ నిమ్మకాయలు కట్టింది.

"పోయేటప్పుడు ఎవ్వల్దో దిష్టి తాకుతాంది" అంది.

"మరి వచ్చేటప్పుడు గా కండ్లు యాడికి పోతయి అత్తా?" అన్నాను.

"నీకన్నీ ఆరాలే! పొయ్యి చూసుకో పో."

ఆషాఢంలో ఒక పొద్దున సావుకారి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"రాజం, శుక్రారం నేను గూడ వస్త. దారిల గిది మల్ల పొంగిందంటే పాలమూర్లనే పాత ఇనుమోనికి తూచి ఇచ్చేస్త. నువ్వు మగ్గం జూసుకో."

"సరే సావుకారీ" అని మా ఆయన నవ్వాడు గానీ, ఆ పూట సగం అన్నం పళ్లెంలోనే వదిలేశాడు.

శుక్రవారానికి ముందు ఇంకొక కిరాయి ఉంది. నేనూ వస్తానన్నాను.

"నీకేం పనే ఆడ?"

"పనేం లేదు. జర చూస్త."

ఆషాఢం గాలి సంగతి మా దిక్కు వాళ్లకు వేరే చెప్పాలా! పడమటి నుంచి చెట్లను వంచుకుంటూ వస్తుంది. నేను భయపడి కొంగు నడుముకు బిగించి చుట్టుకొని ఎక్కాను. ఊరు దాటాక చూస్తే దాంతో పనే లేదు. కొంగు విప్పి వదిలినా ఒడిలోనే పడి ఉంది. మా ఆయన వదిలిన బీడీ పొగ ఆయన ముఖం ముందే నిలబడింది. చక్రాలు రేపిన దుమ్ము వెనక పడకుండా మాతోనే ప్రయాణం చేసింది. ఒళ్లంతా చెమట. మరికల్ దగ్గర జీపు ఎప్పటిలాగే బుసకొట్టింది.

తిరుగు ప్రయాణంలో అదే కొంగు రెండు చేతులా పట్టుకున్నా ఆగలేదు, ముఖం మీద టపటపా కొట్టింది. జీపు మాత్రం నిమ్మళంగా నడిచింది.

"ఓ అయ్యా, పొద్దుగాల మనం పోతుంటే గాలి లేకుండె గదా?"

"లేకపోవుడేందే? చెట్లు నేలకు వంగినయి."

"మరి నా కొంగెందుకు ఎగరలే?"

ఆయన బ్రేకు తొక్కాడు. నా కొంగును చూశాడు, రోడ్డును చూశాడు. దిగిపోయి ఇంజను మూత ఎత్తి పంకను చేత్తో తిప్పాడు. దాని రెక్కలు అరిగి, ఒకటి వంగి ఉంది.

"గాలి గూడ మన ఎన్కనే, మనంత జోరుగ ఉరుకుతాంది. అద్గదీ! నీళ్ల పెట్టెకు తగిలే గాలే లేదు. గీ పంకకేమో సత్తువ లేదు."

"నిజమేనంటవా?"

"ఏమో. శుక్రారం తెలుస్తది."

శుక్రవారం సావుకారి ముందు కూర్చున్నాడు, నేను చీరల మూటల మధ్య. వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి ఎక్కుతోంది. సావుకారి కళ్లు దాని మీదే. మరికల్ ఇంకా రాకముందే మా ఆయన జీపును గిర్రున మక్తల్ దిక్కు తిప్పి, పడమటి గాలికి ఎదురుగా నిలిపాడు.

"ఏడికిరా, ఇంటికా? యాదిమరుపా నీకు?"

"జర కూసోండ్రి సావుకారీ."

నా కొంగు లేచింది. ముల్లు కాసేపు కదల్లేదు. తర్వాత అది దిగడం మొదలుపెట్టింది.

"ఇంజను బంద్ జేసినవా?"

"నడుస్తనే ఉంది. ఇనుండ్రి."

సావుకారి నమ్మలేదు. దిగి జీపు ముందుకు పోయి, మూత మీద చెయ్యి పెట్టి చూద్దామని వంగాడు. గాలి ఆయన భుజం మీది తువ్వాలను లాక్కుని పాలమూరు దిక్కు పరుగు తీసింది. ఆయన దాని వెంట పడ్డాడు. పట్టుకొని, ఆయాసపడుతూ వచ్చాడు.

"రాజం, నేను అట్ల ఉరుకుతుంటే మొకానికి గాలే తగల్లేదురా!"

మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం.

దారి పొడుగునా అలాగే, ముల్లు ఎక్కినప్పుడల్లా తిప్పడం, నిలపడం, మళ్లీ పోవడం. "ఏం మరిసిపోయిన్రు?" అని బండ్లవాళ్లు నవ్వారు. చుక్క నీరు పొంగకుండా పాలమూరు చేరాం. అయినా సావుకారి జీపును పాత ఇనుము కొట్టు దగ్గరికే పోనిమ్మన్నాడు.

పాత ఇనుమాయన మల్లప్పను చూసి తక్కెడ సర్దడం మొదలుపెట్టాడు.

"తూచుడు బంద్ జెయ్యి" అన్నాడు సావుకారి, తువ్వాలతో మెడ తుడుచుకుంటూ. "నీ కుప్పల జీపు పంక ఏమన్న ఉన్నదా, రెక్కలు సక్కగున్నది?"

ఉంది. మా ఆయన అప్పటికే ఆ ఇనుప కుప్ప మీద సగం దాకా ఎక్కాడు. ఎవరి భుజమూ పట్టుకోలేదు.